నేను తీసేసిన నాలుగు వాక్యాలు

నా చిన్నప్పుడు మా బడిలో నా చేతిరాతకు పెద్ద పేరుండేది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని అందరూ అనేవారు. ఆ ముత్యాల వెనక నాదంటూ ఒక్క ఆలోచన కూడా లేదని నాకు మాత్రం తెలుసు. అప్పుడు మేము వరంగల్ మట్టెవాడలో ఉండేవాళ్లం. నేను తొమ్మిదో తరగతి. మా తెలుగు సారు నెలకోసారి గోడపత్రిక పెట్టించేవారు. పిల్లలు రాసిచ్చిన వాటిలో బాగున్నవి ఏరి నా చేతికిచ్చేవారు. నేను వాటిని తెల్ల డ్రాయింగు కాగితాల మీద అందంగా ఎత్తిరాసి, మైదా పిండి ఉడికించిన లైతో వరండాలోని చెక్కబోర్డు మీద అంటించేవాణ్ణి. ఎవరు రాసినా చివరికి అందరికీ కనిపించేది నా చేతిరాతే. అది నాకు చాలా గర్వంగా ఉండేది.

నా బెంచీలో నా పక్కన కూర్చునే దోస్తు వాళ్ల నాయిన జంపఖానాలు నేసేవాడు. మా పేటలో సగం ఇళ్లలో అదే పని. ఆ ఏడు మా బడి వార్షికోత్సవానికి స్టేజీ మీద పరిచిన కొత్త జంపఖానా, నీలం ఎరుపు పట్టీలది, ఆయన మగ్గం మీదిదే. వార్షికోత్సవం రోజున దోస్తుకు పరుగుపందెంలో బహుమతి ఉంది. కొడుకు బహుమతి తీసుకోవడం చూద్దామని ఆయన ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. పిలుపు కార్డు ఉన్నవాళ్లనే లోపలికి పంపుతున్నారు. ఆయన దగ్గర కార్డు లేదు. గేటు దగ్గరున్న వేరే సారు ఆయన్ని పక్కకు నిలబడమన్నాడు. లోపలికి పిలిస్తే జంపఖానా దాకా పోవాల్సి వస్తుందేమోనని ఆయన ముందే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. కార్యక్రమం అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. అది నేను నా కళ్లతో చూశాను.

మరుసటి నెల గోడపత్రికకు దోస్తు 'మా ఇంటి పని' అని ఒక వ్యాసం రాసిచ్చాడు. నూలుకు రంగు వేయడం, ఎండబెట్టడం, పడుగు సాగదీయడం, ఇనుప పళ్ల పంజాతో పేకను కొట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. చివరి నాలుగు వాక్యాలు మాత్రం ఆ వార్షికోత్సవం గురించి. సారు చదివి చాలాసేపు కాగితం కింద పెట్టలేదు. "వీనికి కన్నున్నదిరా" అన్నారు నాతో. అన్నేళ్లలో నన్ను ఆయన ఎన్నోసార్లు మెచ్చుకున్నారు కానీ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఆయన గొంతు తగ్గించారు. ఆ నెలలోనే తనిఖీ ఉంది. హెడ్మాస్టరు గారు వచ్చిన ఆఫీసర్లను మొదట తీసుకుపోయేది గోడపత్రిక దగ్గరికే. "ఆఖరి నాలుగు వాక్యాలు వదిలెయ్. మిగిలింది వాడు రాసింది రాసినట్టే ఉండనియ్" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. భయస్థులు. ఇంట్లో నలుగురు పిల్లలున్న మనిషి.

ఆయన వదిలెయ్యమన్నారు, అంతే. తర్వాత జరిగింది పూర్తిగా నా పని. ఇన్నేళ్లు ఈ సంగతి ఎవరికి చెప్పినా, సారు మార్పించారనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ నాలుగు వాక్యాలు తీసేసరికి కాగితం కింద జానెడు తెలుపు మిగిలింది. నా ముత్యాల కింద ఆ ఖాళీ నాకు నచ్చలేదు. అంతకంటే పెద్ద కారణం, వాడికున్న కన్ను నాకు లేదనే దుగ్ధ. అందుకే వాడే చెబుతున్నట్టు నేను కొత్తగా నాలుగు వాక్యాలు అల్లాను. హెడ్మాస్టరు గారు మా నాన్నగారిని ఆదరంగా లోపలికి పిలిచారని, జంపఖానా మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారని, పూలదండ వేశారని, మా నాన్నగారి కళ్లు ఆనందంతో చెమర్చాయని రాశాను. కింద వాడి పేరు పెట్టాను. రాస్తున్నంతసేపు నేనూ రాయగలనని సంబరపడ్డాను.

అంటించిన రోజున దోస్తు ఊళ్లో లేడు. వాళ్ల అమ్మమ్మకు బాగాలేక తల్లితో వర్ధన్నపేట పోయాడు. శనివారం మధ్యాహ్నం బడి వదిలే వేళకు వాళ్ల నాయిన వరండాలో కనిపించాడు. వేళ్లకు నీలిరంగు ఇంకా పోలేదు.

"మావోడు పోయేటప్పుడు చెప్పిండు బిడ్డా. గోడకు పెడతరు, నా దోస్తుతోని చదివించుకో అన్నడు. నాకు సదువు రాదాయె. జర చదువుతవా?"

అసలు వాక్యాలు నాకు నోటికి వచ్చు. బోర్డు వైపు చూస్తూ వాటినే చెప్పి ఉండొచ్చు. ఆయనకు తెలిసేది కాదు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ నేను గోడ మీద ఉన్నదే చదివాను. రంగు, పడుగు, పంజా గురించి చదువుతుంటే ఆయన తల ఊపుతూ విన్నాడు. పూలదండ దగ్గరికి వచ్చేసరికి తల ఊపడం ఆగింది.

"గిట్ల గాదు గదా" అన్నాడు మెల్లగా. "ఇంట్ల నాకు చదివి వినిపిచ్చిండు వాడు. గీ దండ ముచ్చట లేకుండె. ఎవలు రాసిండ్రు బిడ్డా?"

"సారు రాయమన్నరు కాకా" అన్నాను. అది నేను చేసిన రెండో తప్పు. మొదటిదానికంటే హీనమైనది.

అదే సమయానికి సారు గొడుగు పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చారు. వాళ్ల నాయిన ఎదురెళ్లి దండం పెట్టాడు. "సారూ, గేటు కాడ నిలబెట్టినా కాయితం మీద కూసోబెట్టిండ్రు. దండ గూడ ఏసిండ్రు" అన్నాడు. అది కృతజ్ఞతో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు. సారు బోర్డు దగ్గరికి వచ్చి ఆఖరి వాక్యాలు చదివారు. నా వైపు ఒకసారి చూశారు. ఆయన కూడా అది చదవడం అదే మొదటిసారని వాళ్ల నాయినకు ఆ చూపులోనే అర్థమైపోయింది. సారు మాత్రం "మంచిగనే ఉన్నది, ఉండనియ్యి" అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

వాళ్ల నాయిన తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన నా వైపు తిరిగి, "రేపు ఐతారం. పొద్దుగాల మా ఇంటికి రా" అన్నాడు.

వెళ్లాను. భయంతోనే వెళ్లాను. ఆయన నాకు చాయ్ ఇచ్చి మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు. సగం నేసిన జంపఖానా ఉంది. నీలం పట్టీ తర్వాత ఎరుపు రావాల్సిన చోట ఆకుపచ్చ వచ్చింది. నిన్న బడి నుంచి వచ్చాక తన చేయే తప్పిందని చెప్పాడు. చూసుకోకుండా ఆ పైన ఇంకో జానెడు నేసేశాడు. వంచిన మేకు ఒకటి నా చేతికిచ్చి, ఒక్కొక్క పేకపోగు ఎట్లా ఎత్తి లాగాలో చూపించాడు. ఆయన అటు చివర, నేను ఇటు చివర కూర్చున్నాం.

పంజా దెబ్బలకు బిగిసిపోయిన నూలు అది. అంత తేలిగ్గా ఊడదు. నా వేళ్లు ఎర్రబడ్డాయి. ఉండబట్టలేక, పరిచినంక దీన్ని ఎవరు చూస్తారు కాకా అని అడిగాను.

"కూసునేటోనికి కనవడది" అన్నాడు. "నేసినోనికి కనవడతది."

ఆ పొద్దంతా ఆయన మాట్లాడింది అంతే. బోర్డు ఊసు ఎత్తలేదు, కొడుకు ఊసు ఎత్తలేదు. మధ్యాహ్నానికి పైన నేసిన జానెడుతో పాటు ఆ ఆకుపచ్చ పట్టీ మొత్తం ఊడి వచ్చింది. ఊడిన నూలును ఆయన పారేయలేదు. ఉండ చుట్టి పక్కన పెట్టాడు. నేను లేస్తుంటే నా వేళ్లు చేతిలోకి తీసుకుని చూసి, కొబ్బరినూనె రాసి పంపాడు.

నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా ఆయన మిగల్చలేదు. సోమవారం పొద్దున్నే బడికి పోయి, తడిగుడ్డతో ఆ కాగితం ఊడదీసి, అసలు వాక్యాలతో మళ్లీ రాయాలని దారి పొడుగునా అనుకున్నాను. మైదా లై ఎంతసేపు నిలుస్తుంది? జంపఖానాతో పోలిస్తే అదొక పనే కాదు. సోమవారం పొద్దున బోర్డు ముందు నిలబడ్డాను కూడా. అప్పుడే హెడ్మాస్టరు గారు అటుగా వస్తూ, ఆ ఆఖరి వాక్యాలు చదివి నవ్వి, చేతిరాత ఎవరిదని అడిగారు. నాదేనన్నాను. భుజం తట్టారు. తడిగుడ్డ నా జేబులోనే ఉండిపోయింది.

దోస్తు ఆ రోజే తిరిగి వచ్చాడు. బోర్డు దగ్గర నిలబడి మొత్తం చదివాడు. తగవు పెట్టుకోలేదు. "నీ అక్షరాలు మంచిగుంటయిరా" అన్నాడు, అంతే. మధ్యాహ్నం నుంచి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ తర్వాత గోడపత్రికకు వాడు ఒక్క ముక్క రాయలేదు. సారు రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. పది తప్పి భీవండి పవర్లూములకు పోయాడు. కొన్నేళ్లకు మళ్లీ బస్టాండులో కనిపించినప్పుడు, ఏమన్నా రాస్తున్నవా అని అడిగాను. దేని గురించి అడుగుతున్నానో వాడికి నిజంగానే అర్థం కాలేదు. కొడుకు భీవండి పోయాక వాళ్ల నాయిన మగ్గం ఎక్కువ రోజులు ఆడలేదని ఆ రోజే తెలిసింది.

నేను తెలుగు మాస్టరునే అయ్యాను. నర్సంపేట దగ్గర ఒక బడిలో గోడపత్రిక పెట్టించాను. అందులో నేను కూడా పిల్లల వాక్యాలు కొట్టేశాను. ఒక పిల్ల తాగుబోతు తండ్రి గురించి రాస్తే వయసుకు తగదన్నాను. ఇంకొకడు బడి బాయిలో నీళ్లు లేవని రాస్తే, వద్దులేరా అన్నాను. తనిఖీ ఉందని నేనూ చెప్పాను. ఎర్ర పెన్ను కాగితం మీద పెట్టిన ప్రతిసారీ నా వేళ్ల చివర మంట పుట్టేది. పుట్టినా కొన్నిసార్లు పెన్ను ఆపలేదు. మంచివాణ్ణి అయిపోయానని చెప్పడానికి ఇది రాయడం లేదు.

ఇప్పుడు నా చేయి వణుకుతుంది. అక్షరాలు వంకర పోతున్నాయి. ఆనాడు నేను అల్లిన నాలుగు వాక్యాల సారమే తప్ప, రాసిన మాటలు రాసినట్టు గుర్తులేవు. వాడు రాసినవి మాత్రం ఒక్క మాట పోకుండా ఉన్నాయి. ఇన్నేళ్లకు వాటిని వాటి చోట పెడుతున్నాను, వాడి మాటల్లోనే.

'ఆ జంపఖానా మా నాయిన నేసిండు. దాని మీద పెద్దోళ్లందరు కూసున్నరు, మా నాయిన చెప్పులు చేతుల పట్టుకోని గేటు బయట నిలబడ్డడు. నేను ప్రైజు తీసుకునేటప్పుడు దాని మీద నిలబడ్డ. నా కాళ్ల కింద మా నాయిన చేతులున్నట్టు అనిపిచ్చి, జల్ది దిగొచ్చిన.'