చప్పుడు చెయ్యనివ్వని తాత

మా ఉద్దానంలో జీడితోటలోకి ఎవరూ నోరు మూసుకుని వెళ్ళరు. డబ్బా వాయిస్తారు, కేకలేస్తారు, ఏమీ లేకపోతే పెళ్ళాన్ని తిట్టుకుంటూ పోతారు. జీడి పండే వేసవిలో ఎలుగుబంట్లు పళ్ళ కోసం తోటల్లోకి దిగుతాయి. మనిషి వస్తున్నాడని తెలిస్తే వాటి దారిన అవి పోతాయి. చప్పుడు లేకుండా వెళ్ళి దాని ముందు నిలబడ్డావా, ఇక నీ ఖర్మ.

మా తాతకి మాత్రం చప్పుడంటే ఒళ్ళుమంట. బంగ్లాదేశ్ యుద్ధంలో పోరాడి వచ్చిన సిపాయి ఆయన. అక్కడ చప్పుడు చేసినవాళ్ళు చచ్చారు, చెయ్యని తను బతికాడు. ఆయన లెక్క అంతే. ఎండుటాకుల మీద పాదం అంచుతో ఎలా నడవాలో మనవరాలినైన నాకు చిన్నప్పుడే నేర్పాడు. ఊరు ఆయన్ని చూసి నవ్వేది. నాకేమో ఊరంతా దద్దమ్మలనిపించేది. తాతంటే అంత పిచ్చి నాకు.

తిత్లీ తుఫానుకి ముందు వేసవి. నాకు డిగ్రీ సెలవులు. పొద్దున్నే తాత, నానమ్మ, నేను జీడిపిక్కలు ఏరడానికి బయల్దేరాం. తాత చేతిలో కొమ్మలు కొట్టే కత్తి ఉంది. తోట గట్టెక్కగానే నానమ్మ చేతిలోని నూనెడబ్బా మీద రెండు దెబ్బలు వేసింది.

"ఆపవే! ఊరేగింపుకెల్తన్నావేటి?" అన్నాడు తాత.

"నిన్న పక్కతోటలో ఎలుగుని సూసినారంట."

"నానుండగా నీకు ఎలుగేటే? ఇలాగియ్యి."

డబ్బా లాక్కుని గట్టు మీద పెట్టేశాడు. నానమ్మ మూతి తిప్పుకుని ముందు నడిచింది. ఆవిడ వెనక నేను, ఆకు నలగకుండా, నా వెనకే వస్తున్న తాత మెచ్చుకునేలా నడిచాను.

పనసచెట్టు దాటగానే తల్లి ఎలుగు, పక్కన దాని పిల్ల. మేము దాన్ని, అది మమ్మల్ని ఒకేసారి చూశాం. తప్పుకునే వ్యవధి దానికీ లేదు, మాకూ లేదు. లేచి నానమ్మ మీద పడింది. ఒక్క పంజా దెబ్బకి ఆవిడ నెత్తి మీది చర్మం జుట్టుతో సహా ఊడి చెవి మీదికి వేలాడింది. అది మెడ కోసం మూతి దించుతుంటే నానమ్మ చేతులు అడ్డం పెట్టింది. ఎముక విరిగింది. ఫట్‌మని నాకు వినిపించింది.

అప్పుడు అరిచాడు తాత. "దాన్నొగ్గెయ్! నా మీదికి రా ముండా, ఇటు రా!" చేతిలోని కత్తితో దాని వీపు మీద నరికాడు. దట్టమైన బొచ్చు, వేటు దిగలేదు. మళ్ళీ నరికాడు. లాభం లేదనుకున్నాడేమో, వెనక నుంచి దాని మెడ చుట్టూ చెయ్యి వేసి లాగాడు. ఆ వయసులో! అది నానమ్మని వదిలి ఆయన ముఖం మీద కొట్టింది. ఎడమ కన్ను పోయింది. చెంప చీలి పళ్ళు బయటపడ్డాయి. అయినా మెడ వదల్లేదు. దానితో పాటు నేల మీద దొర్లుతూ కడుపులో పొడుస్తూనే ఉన్నాడు.

"ఓలే గుంటా, నానమ్మని లాగే! బేగి లాగే!" అన్నాడు రక్తం కక్కుతూ.

నానమ్మని చంకల కింద పట్టి గట్టు దాకా ఈడ్చాను. గొంతు పోయేలా అరిచాను. పక్కతోటల వాళ్ళు కర్రలు, బల్లేలతో పరిగెత్తుకొచ్చేసరికి ఎలుగు చచ్చి తాత మీద పడి ఉంది. దాన్ని పక్కకి లాగి, చచ్చినదాన్నే తల నుజ్జయ్యేదాకా కొట్టారు. నేనూ బండరాయి తీసుకుని కొట్టాను. పిల్ల చెట్టెక్కి ఏడుస్తోంది. జాలి వెయ్యలేదు నాకు, అబద్ధమెందుకు.

ఆసుపత్రికి తీసుకెళ్తుంటే తాత ఆటోలోనే పోయాడు. నానమ్మ బతికింది.

మర్నాడు శవం ఇంటికి వచ్చింది. డాక్టరు మొత్తుకుంటున్నా వినకుండా, తలకీ చేతులకీ కట్లతో నానమ్మ కూడా వచ్చింది. తాతతో పాటు సైన్యంలో చేసినవాళ్ళు జెండా తెచ్చి కప్పారు. సిపాయిలాగే పోయాడన్నారు, దేశానికే గర్వమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం గర్వం? ఆ డబ్బా మోగనిచ్చి ఉంటే అరుగు మీద కూర్చుని మమ్మల్ని తిడుతుండేవాడు కదా! కోపమూ దుఃఖమూ ఒకేసారి తన్నుకొచ్చి ఏమీ అనలేకపోయాను.

నానమ్మ అంది.

"అది తియ్యండర్రా."

జెండా సర్దుతున్నవాళ్ళు ఆవిడ వైపు తిరిగారు.

"దేశం కోసం ఎల్లినప్పుడు సావనేదు. తిరిగొచ్చినాడు. మా ముసలోడు నా కోసం సచ్చిపోనాడు. తియ్యండి."

కట్లున్న చేతులతో జెండా పట్టుకోబోయింది, పట్టు చిక్కలేదు. నేనే తీసి, మడిచి, వాళ్ళ చేతుల్లో పెట్టాను. పెట్టెలోంచి తన చీర ఒకటి తెమ్మంది. "మొగోడి మీద ఆడదాని సీరేటే" అని పెద్దలు గొణిగారు. నానమ్మ వాళ్ళ వైపు చూడనైనా చూడలేదు. చీర తెచ్చి తాత మీద నేనే కప్పాను.