పొగను విడగొట్టే యంత్రం వచ్చేలోపు

రెండువేల దశకం మధ్యలో, నేను భద్రాచలం విలేకరిగా ఉన్నప్పుడు, చర్ల అవతలి ఒక గూడెంలో అటవీ అధికారులు సభ పెట్టారు. పోడు తగలబెట్టవద్దని చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక యువ శాస్త్రవేత్తను జీపులో తీసుకొచ్చారు. వేసవి చివరి రోజులు. గూడెం మీద అప్పటికే మబ్బు పట్టింది.

ఆ మబ్బును అందరికంటే ఎక్కువగా చూస్తున్నది ఒక నడివయసు ఆమె. భర్త లేడు. గట్టు మీద తుప్పలు కొట్టి ఎండబెట్టుకుంది. వాన పడకముందే అంటించాలి. తడిస్తే కొమ్మ కాలదు, బూడిద ఉండదు, ఆ ఏడు ఇంట్లో జొన్నలుండవు. అంటిస్తే కేసేనని రేంజర్ ముందే చెప్పి ఉన్నాడు.

ఎండనపడి వచ్చినవాళ్లకు ఆమె సొరకాయ బుర్రలో జావ తెచ్చింది. రేంజర్ తన సీసా నీళ్లు తాగాడు. శాస్త్రవేత్త మర్యాదస్తుడు, జావ గటగటా తాగేశాడు. నేనూ తాగాను, కానీ నేను ఎక్కడైనా తాగేవాడినే కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పొగలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుందని, అందులో ఒక కార్బన్‌ను రెండు ఆక్సిజన్లు గట్టిగా పట్టుకుని ఉంటాయని ఆయన ఓపికగా చెప్పాడు. అణువులను ఒక్కొక్కటిగా పేర్చి, కంటికి కనిపించని యంత్రాలు చేస్తారట. అవి ఆ పట్టు విడదీసి ఆక్సిజన్‌ను గాలికి వదిలేసి, కార్బన్‌ను దాచిపెడతాయట.

"గంత చిన్న మిషన్‌కు కరెంటు ఏడికెల్లి వస్తది సారూ? మాకే లేదు" అన్నారెవరో.

"ఎండ చాలు."

"ఎండైతే మస్తుగున్నది. ఎప్పుడు తెస్తరు?" అని ఆమె అడిగింది.

"ఇంకా ఊహలోనే ఉందమ్మా. ముప్ఫై ఏళ్లు పట్టొచ్చు."

"వాన రేపే వచ్చేటట్టున్నది సారూ."

సభ నవ్వింది. రేంజర్ నవ్వలేదు.

ఆ గూడెంలో ఒక ఆచారం ఉంది. పోడు అంటించేముందు ఊళ్లో చుట్టం ఉంటే, పెద్దమనిషి ఆ చుట్టాన్ని అడగాలి. చుట్టం తల ఊపితే నిప్పు పెట్టొచ్చు. పెద్దమనిషి లేచి, శాస్త్రవేత్తకు దండం పెట్టి, తమ భాషలో ఏదో అడిగాడు. వందన సమర్పణ అనుకుని ఆయన చేతులు జోడించి, చిరునవ్వుతో తల ఊపాడు. అందరూ లేచి గట్టు వైపు నడిచారు. సభ ఇంత చక్కగా ముగియడం ఆయనకు సంతోషం కలిగించింది.

కాసేపటికి గట్టు మీద పొగ లేచింది.

"ఎవడు చెప్పిండు అంటియ్యమని?" రేంజర్ అరిచాడు.

"మీరు తోలుకొచ్చిన సారే చెప్పిండు" అన్నాడు పెద్దమనిషి.

"ఆయన మా గెస్టయ్యా!"

"మీ నీళ్లు మీరే తాగితిరి. సారు మా జావ తాగిండు. ఎవల చుట్టమో మీరే చెప్పుండ్రి."

కేసు రాస్తే అనుమతిచ్చిన వాళ్ల కింద ముఖ్య అతిథిని రాయాలి. రేంజర్ జీపు ఎక్కాడు. తెల్లారేసరికి వాన పడింది. మా డెస్క్ వాళ్లు నా వార్తకు "గూడెంలో పొగ మింగే యంత్రాలు" అని శీర్షిక పెట్టారు.

కోతల కాలంలో అటు వెళితే ఆమె జొన్న కంకులు ఎత్తుతోంది.

"మిషన్ వచ్చిందా సారూ?"

"రాలేదు."

"తొందరేం లేదని చెప్పుండ్రి. వచ్చినప్పుడు మాత్రం ఆ సారునే పంపమనుండ్రి, జావ పోస్త."