పంచాంగపు పుట మందం

అణువులో సైతం నిండియున్న పరమాత్మకు నమస్కరించి మొదలుపెడుతున్నాను. అది శ్రావణ బహుళ పంచమి, ఉదయం.

కోస్తా నుంచి వచ్చి ఇబ్రహీంపట్నంలో స్థిరపడిన తెలుగు పండితుణ్ణి నేను. మా పొరుగున ఒక రైతు, ఆయన కూతురు ఉంటారు. పొలంలో చాలా భాగం ప్లాట్లయిపోగా వారికి మిగిలిన ఆధారం బర్రెలే. ఆ అమ్మాయి కొంగరకలాన్ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్లి, కొలతల పరీక్షలో ఒకసారి తప్పింది. ఇక మరొక్కసారే అవకాశమన్నారట. శిక్షణ కేంద్రంలో అడిగి తెచ్చుకున్న మైక్రోమీటరుతో ఆ ఉదయం మా వసారాలో సాధన చేస్తోంది.

మిల్లీమీటరులో నూరవ వంతును పట్టే పరికరమది. ఛందస్సులో లఘువును రెప్పపాటుతో కొలవడం నేర్పుతూ జీవితం గడిపిన నాకు దానిపై ముచ్చట పుట్టి, నా పంచాంగంలోని పుటనొకదానిని కొలవమన్నాను. ఒకే పుట మొదట ఎనిమిది వంతులు చూపింది, తరువాత ఏడు, ఆ తరువాత ఆరు.

“సారూ, మీ కాగితం అరిగిపోతున్నదా ఏంది?” అని నవ్వబోయింది గాని, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పరికరం కొసన ఒక చిన్న పిడి ఉంది. దానితో తిప్పితే, వస్తువు తగలగానే టిక్కుమని జారుతుంది, మరి బిగియదు. ఆమె ఆ చప్పుడు విని కూడా నమ్మకం చాలక, లావుపాటి భాగాన్ని పట్టుకొని ఇంకొంచెం బిగిస్తోంది. పాల క్యానుతో పోతున్న తండ్రి గోడ పక్కన ఆగి చూశాడు.

“ఏందే, బర్రె చన్ను అనుకున్నవా? గట్ల పిసుకుతున్నవ్!”

“లూజుగ అనిపిస్తున్నది బాపూ. జారుతున్నది.”

“మొన్న ఈనిన బర్రెకు చన్ను పగిలింది గదా. నన్నయితే తంతది, నీకు పాలిస్తది. ఎట్ల పిండుతున్నవ్?”

“జర ఆనిచ్చి... అది పాలు చేపితే చాలు, గుంజ నేను.”

“గిది గూడ గంతే బిడ్డా. ఆనిచ్చి ఇడువు.”

ఆమె చేతులు చున్నీకి తుడుచుకుంది. టిక్కుమనగానే వేళ్లు తీసింది. ఎనిమిది. మళ్లీ ఎనిమిది. మూడవసారి గీత ఎనిమిదికీ తొమ్మిదికీ నడుమ నిలిచింది. “పర్వాలేదా సారూ?” అంది. నాకు తెలియదన్నాను.

“మీరిద్దరు పంచాంగం కొలుసుకుంట కూసోండ్రి, నా పాలు ఇరిగిపోతయ్,” అంటూ తండ్రి కదిలాడు. ఆమె మళ్లీ పుట తెరిచింది.

భాద్రపద శుద్ధ విదియ నాడు పరీక్ష జరిగింది, ఆమె నెగ్గింది. ఆ మాసపు పౌర్ణమి మరునాటి నుంచి ఉద్యోగానికి వెళుతోంది. ఉదయపు పాలు తండ్రి పిండుతున్నాడు.