బాబాయ్‌కి తెలియకుండా భీమిలి

ముందే చెప్తున్నా, ఎవరూ నవ్వకూడదు. మొన్న వీకెండ్‌కి నేను వేసిన ట్రిప్ ప్లాన్ బ్రహ్మాండంగా నడిచింది. ట్రైన్ టైమ్‌కి వెళ్లింది, రూమ్ బాగుంది, ఎండ కూడా పెద్దగా లేదట. ఒకటే తేడా. ఆ ట్రిప్‌లో నేను లేను!

మాది భీమిలి. పెళ్లయ్యాక సికింద్రాబాద్ పక్కన అల్వాల్ వచ్చి పడ్డాం. నెల కిందట ఫోన్‌లో ఒక వీడియో చూశాను. మా ఊరికి కాస్త అవతల, కొండ అంచున, సముద్రం పక్కనే కొత్తగా చిన్న వాకింగ్ ట్రాక్ వేశారు. మహా అయితే అరగంట నడక. ఒకవైపు రాళ్లు, ఇంకోవైపు కెరటాలు. అది చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదంటే నమ్మండి! ఆఫీసులో నా పక్క సీటు స్వరూపకి చూపించాను. తను తిరుమలగిరి పిల్ల, అక్కడే పుట్టి పెరిగింది.

"అబ్బ, మస్తుందే! నాకు తెల్సిన సముద్రం ట్యాంక్‌బండే. నన్ను సుత తీస్కపోరాదు?" అంది.

అంతే, షురూ! నేనూ మా ఆయనా, స్వరూపా వాళ్లాయనా. శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్‌లో ట్రైన్ ఎక్కడం, ఆదివారం పొద్దున్నే ట్రాక్ మీద నడక, రాత్రికి తిరుగు ట్రైన్. రెజిమెంటల్ బజార్‌కి వెళ్లి టోపీలు కూడా కొనేశాం.

ఒక్కటే రూలు పెట్టాను. మా చుట్టాలకి తెలియకూడదు. ఎందుకంటే కిందటిసారి సముద్రం చూద్దామని వెళ్తే, బాబాయ్ ఇంట్లో టిఫిన్, అత్తయ్య ఇంట్లో భోజనం, పెద్దమ్మ ఇంట్లో ఇంకో భోజనం, "మా ఇంటికి మాత్రం రారేటి" అని అలిగిన వదిన ఇంట్లో మళ్లీ భోజనం! తిని తిని ఆయాసపడుతూ ట్రైన్ ఎక్కాం. సముద్రం ఆటోలోంచి కనబడింది, అదీ ఎడమవైపు కూర్చున్న మా ఆయనకి. ఈసారి అలా కాకూడదు. నా కాళ్లు ఆ నీళ్లలో పెట్టాలి, ఆ ట్రాక్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి. పంతం పట్టాను.

అంతా సిద్ధం. మంగళవారం రాత్రి స్వరూప ఫోన్ చేసింది, కొత్త డౌటుతో. "పోటు వస్తే ట్రాక్ చివర నీళ్లొస్తయంట. ఆదివారం ఎప్పుడొస్తదో ఒక్కో వెబ్‌సైట్ ఒక్కో టైమ్ చెప్తుంది, పరేషాన్ అయితున్న" అంది.

నేనేమో గొప్పగా, "వెబ్‌సైట్లెందుకే? మా బాబాయ్ రోజూ తెల్లారేసరికి బీచ్‌లో ఉంటాడు. ఒక్క ఫోన్ చాలు" అన్నాను.

మా ఆయన వింటూనే తల పట్టుకున్నాడు. "వద్దు పద్మా. కొరివితో తల గోక్కోకు."

"మీరు ఊరుకోండి, నేను తెలివిగా అడుగుతాగా!"

అడిగాను. "బాబాయ్, ఆదివారం పొద్దున పోటు ఎన్నింటికొస్తుంది?"

"ఎందుకమ్మా? వస్తన్నారేటి?" అన్నాడు వెంటనే.

"అబ్బే, లేదు బాబాయ్! ఆఫీసులో క్విజ్ పెట్టారు, దానికోసం!" అన్నాను. అక్కడితో ఆపొచ్చు కదా? ఆపితే నేనెందుకవుతాను! "ఈ వారం ఎక్కడికీ కదలం బాబాయ్. శని, ఆదివారాలు ఇంట్లోనే. అయినా మేం రావడమే గానీ మీరెప్పుడైనా వచ్చారా? నువ్వూ పిన్నీ ఓసారి రావచ్చు కదా!" అని ఎదురు నిష్ఠూరం కూడా ఆడాను. మనలో ఫోన్ పెట్టేముందు అందరం అనే మాటే కదా అది! ఎవరైనా నిజంగా వస్తారా?

బాబాయ్ పోటు టైమ్ చెప్పి పెట్టేశాడు. నేను మా ఆయన వైపు చూసి కాలరెగరేశాను.

శుక్రవారం పొద్దున. ఇద్దరం సెలవు పెట్టాం. హాల్లో బ్యాగులు, వాటి మీద టోపీలు, ట్రైన్‌లోకి నలుగురికి సరిపడా పులిహోర. పాటలు పాడుకుంటూ పోపు పెడుతున్నాను. ఫోన్ మోగింది.

"అమ్మా పద్మా! సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగీసాం. పిన్ని కూడా ఉంది. అల్వాల్‌కి ఆటో ఎటువైపు దొరుకుతుందమ్మా?"

స్టవ్ మీద పోపు మాడిపోయింది.

"నువ్వు అంతలా అడిగేవు కదా! ఆ రాత్రంతా మీ పిన్నికి నిద్దర లేదు. పిల్ల మనసు కష్టపెట్టుకుందని తత్కాల్‌లో వచ్చీసాం!"

మా ఆయన బ్యాగులు మంచం కిందకి తోసి స్టేషన్‌కి బయల్దేరాడు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి స్వరూపకి ఫోన్ చేశాను.

"ఏందే గిట్ల జేసినవ్! నిజం చెప్పెయ్ రాదు?"

"ఎలా చెప్పనే? మీకు కనబడకుండా మీ ఊరే వెళ్తున్నాం, మీరు మా ఇంట్లో ఉండండి అని చెప్పనా? మీరిద్దరూ వెళ్లండి. టికెట్లెందుకు పాడుచేసుకోవడం!" అన్నాను. అంటుంటే ఏడుపొచ్చేసింది. నిజంగానే ఏడ్చాను.

బాబాయ్, పిన్ని వచ్చారు. మాడుగుల హల్వా, ఎండు రొయ్యలు, మామిడి తాండ్ర, ఒక సంచీ కాదు! పులిహోర గిన్నె చూసి బాబాయ్ మురిసిపోయాడు. "వస్తామని ముందే కనిపెట్టీసి ఎంత చేసేవమ్మా!" అని రెండుసార్లు వడ్డించుకున్నాడు. పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. నాకు ప్రేమా వస్తోంది, సిగ్గూ వస్తోంది, మధ్యలో ట్రైన్ టైమూ గుర్తొస్తోంది.

ఆదివారం పొద్దున ఇడ్లీలు తింటున్నాం. వీడియో కాల్! స్వరూప. కట్ చేద్దామని పరుగెత్తేలోపే బాబాయ్ ఎత్తేశాడు.

"పద్మా, సూడే! సముద్రం! ఆకాశమంత ఉందే!" స్వరూప గెంతుతోంది. వెనకాల కెరటాలు.

బాబాయ్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇది మా కొండ దగ్గర ట్రాకు కదేటి! నేను రోజూ నడిచేది ఇక్కడేనే! అమ్మాయ్, నువ్వెవరు?"

వెనక నుంచి చేతులతో సైగలు చేశాను, నోటి మీద వేలేసుకున్నాను. చూస్తే కదా!

"నమస్తే బాబాయ్! నేను పద్మ దోస్తును. ఈ ప్లానంతా మీ బిడ్డదే! మీకు తెలిస్తే అందరింట్ల తినాలని చెప్పొద్దన్నది!"

మా ఆయన చట్నీ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను భూమిలోకి దిగిపోదామనుకున్నాను గానీ మాది మూడో అంతస్తు.

పిన్ని నెమ్మదిగా, "అన్నం పెడతామని భయపడ్డావేటే?" అంది.

బాబాయ్ నా వైపు చూడనే లేదు. ఫోన్‌లోకి వంగి, చాలా సీరియస్‌గా అడిగాడు. "అమ్మా, మధ్యాహ్నం భోజనం ఎక్కడ?"

"హోటల్ల తింటం బాబాయ్."

"హోటలేటి! మా ఊరొచ్చి హోటల్లో తింటారా?"

ఇంకేముంది! అక్కడికక్కడే అత్తయ్యకి ఫోన్, పెద్దమ్మకి ఫోన్, వదినకి ఫోన్.

సోమవారం ఆఫీసుకి స్వరూప వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ట్రాక్ రెండుసార్లు నడిచిందట. అత్తయ్య ఇంట్లో చేపల పులుసు, పెద్దమ్మ ఇంట్లో రొయ్యల వేపుడు. వదిన చీర కూడా పెట్టిందట. నాకు పెళ్లయి ఇన్నేళ్లయినా వదిన ఒక్క జాకెట్టు ముక్క పెట్టలేదు!

"ఎలా ఉందే మా సముద్రం?" అన్నాను ఉక్రోషంగా.

నా భుజం మీద చెయ్యి వేసి, చాలా జాలిగా అంది. "వచ్చే నెల మల్ల పోతున్నం. అత్తయ్య రమ్మన్నది. ఈసారి నువ్వు సుత రా పద్మా, ఫికర్ జెయ్యకు, మీ వాళ్లకు నేను చెప్త!"