సున్నం కొడితే పెరిగిన బాడిగ

మొన్న బెంగళూరులో మనవరాలి ఇంట్లో ఉండగా ఆ ఇంటి యజమాని వచ్చి, ఆమె తన డబ్బుతో కిటికీలకు వేయించుకున్న దోమల జాలీలనూ వంటింట్లో బిగించుకున్న అల్మరాలనూ తట్టి చూసి, ఇల్లు ఇంత బాగుంది కాబట్టి వచ్చే నెల నుంచి అద్దె పెంచుతున్నానని నవ్వుతూ చెప్పి వెళ్ళాడు. ఆ లెక్క నాకు అరవయ్యేళ్ళ కిందటే తెలుసు.

పెనుకొండ పక్కన మా పల్లెలో వరసగా వానలు ఎగ్గొట్టడంతో, చిన్నప్పుడు తన మేనమామ దగ్గర నేత నేర్చుకున్న నాయన, అమ్మనూ అవ్వనూ నన్నూ వెంటబెట్టుకుని ధర్మవరం చేరాడు. అప్పటికే పట్టుచీరల పని పెరిగి ఆ ఊళ్ళో అద్దె ఇల్లు గగనమైపోయింది. మాకు దొరికింది ఒక మట్టి మిద్దె. వాన పడితే ఇంట్లో గిన్నెలన్నీ నేలమీదే ఉండేవి. నీళ్ళు కారకుండా నాయన మిద్దె మీదికి చవుడు మట్టి మోసి పరిచాడు. నేతగాడు కాళ్ళు దించుకుని కూర్చునే గుంత లేనిదే మగ్గం ఆడదు కాబట్టి, గట్టినేలను గడ్డపారతో తవ్వి, చుట్టూ రాళ్ళు పేర్చి, మట్టి మెత్తి గుంత సిద్ధం చేసుకున్నాడు.

ఇంటాయన నెల మొదట్లో వచ్చి అరుగు మీద కూర్చుని ఇల్లంతా కళ్ళతో తడిమేవాడు. మిద్దె కారడం ఆగిందని తెలియగానే బాడిగ పెంచాడు. ఉగాదికి అమ్మ గోడలకు సున్నం కొడితే, ఇల్లు కళకళలాడుతోందని మళ్ళీ పెంచాడు. అప్పటినుంచి అమ్మ అతని కంటబడే గోడలను మసితోనే ఉంచి, అతను అడుగుపెట్టని వెనకగదికి మాత్రం సున్నం వేసుకునేది. పండగపూట చుట్టాలొస్తే ఆ మసిగోడల మధ్య సిగ్గుతో చితికిపోయేది. శుభ్రంగా బతకడానికి భయపడటమెంత రోతో పడినవాళ్ళకే తెలుస్తుంది.

ఆఖరికి అతని కన్ను గుంత మీద పడింది.

“మగ్గం గుంత ఉండే ఇల్లు ఈ ఊర్లో యాడ దొరుకుతాదప్పా? ఇంకొకాయన ఎక్కువిస్తానంటాండాడు,” అన్నాడు.

“ఆ గుంత తవ్వింది నేనే కదన్నా,” అన్నాడు నాయన.

“తవ్వింది నువ్వే. నేల నాది కదా.”

అంత ఇచ్చుకోలేక ఇల్లు ఖాళీ చేసే రోజు నాయన మగ్గం విప్పి బండికెత్తి, పార తీసుకుని గుంత పూడ్చడం మొదలుపెట్టాడు. అవ్వ వద్దనకపోగా చెంగు దోపుకుని తట్టతో మట్టి అందించింది. గుంత సగం నిండేసరికి, కొత్తగా దిగబోయే నేతగాడు భార్యాబిడ్డలతో వాకిట్లోకి వచ్చి లోపలికి చూసి నిలబడిపోయాడు.

“గుంత ఉండాదనే అంత బాడిగకు ఒప్పుకున్నాను అన్నా. పూడిస్తే నేనెట్లా నేసేది?” అన్నాడు మెల్లగా.

నాయన గుంతలోకి దిగి, తాను పోసిన మట్టంతా తానే పైకి తోడాడు. ఆ మనిషీ ఒక చెయ్యి వేశాడు. ఇంటాయన మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. బండి కదిలేటప్పుడు మాత్రం అవ్వ ఆ అరుగు వైపు తిరిగి కాండ్రించి ఉమ్మింది.

హిందూపురంలో చిన్నమ్మ వాళ్ళ పంచన చేరాక, అక్కడ మగ్గం గుంతకు చోటు లేక, నాయన చాలా ఏళ్ళు కూలికి పరాయి మగ్గాల మీద నేశాడు. ఒకసారి ధర్మవరం స్టేషన్లో నాయనతో రైలెక్కబోతుండగా ఆ ఇంటాయన మాకు ఎదురొచ్చాడు. నాయనను చూడగానే తల వంచుకుని, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని, పక్క పెట్టెకేసి పరుగులాంటి నడకతో పోయాడు. ఆ పిరికితనం చూసి అప్పుడు నాకు ఇంకా అసహ్యమేసింది. నా ఈడువాళ్ళు ఒప్పుకుంటారో లేదో గానీ, బాడిగలు అప్పుడూ నెత్తురు పీల్చాయి, ఇప్పుడూ పీలుస్తున్నాయి. పీల్చినవాడు ఎదురుపడితే ముఖం చాటేసే ఆపాటి సిగ్గు మాత్రం మన మధ్య నుంచి ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు.