పళ్ళిపట్టులో నా రాయబారం

ఆ రోజుల్లో ప్రపంచంలో యుద్ధాలు ఆగకపోవడానికి కారణం ఎవరూ నన్ను అడగకపోవడమేనని నాకు గట్టి నమ్మకం ఉండేది. వయసు ఇరవై రెండు. డిగ్రీ అయి మూడు నెలలు కాలేదు. తిరువళ్ళూరు రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక మేడ మీద, ప్రపంచ శాంతి గురించి జనం మధ్య చర్చాసభలు నడిపే చిన్న సంస్థలో ఉద్యోగం దొరికింది. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటుంటే వాళ్ళను ఎలా మాట్లాడించాలో ఇక్కడ నెలకోసారి మేమూ, కాలేజీ పిల్లలూ, ఆవడి నుంచి రైలెక్కి వచ్చే రిటైరైన ఫ్యాక్టరీ ఉద్యోగులూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. కుర్చీలు వేయించడం, మైకు అందించడం, ప్రశ్న అడగమంటే ఉపన్యాసం మొదలుపెట్టినవాళ్ళ చేతిలోంచి ఆ మైకును మర్యాదగా లాక్కోవడం నా పని. కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉండేది. మా సెక్రటరీ సారు (ఊత్తుకోట వైపు తెలుగాయన, శాంతి గురించి గొంతు చించుకుని మాట్లాడేవారు) "నీ కాలు ఆడతా ఉంటే నా బల్ల కూడా ఆడతా ఉందమ్మా, ఏమి నీకంత తొందర?" అనేవారు. ఎక్కడో ప్రపంచం తగలబడుతోంది, నేనేమో ఇక్కడ పళ్ళెంలో బిస్కెట్లు సర్దుతున్నాను. అదే నా తొందర.

ఒకసారి తిరుత్తణిలో కల్యాణమండపం తీసుకుని పెద్ద సభ పెట్టాం. ఉద్యోగం నుంచి రిటైరైన ఒక రాయబారి వచ్చారు. పొట్టిగా, చెవికి మిషను పెట్టుకున్న ముసలావిడ. "పోట్లాడుకున్నవాళ్ళు ఒక గదిలో కూర్చోమంటే కూర్చోరు," అన్నారావిడ. "అప్పుడు రెండు గదుల్లో కూర్చోబెట్టి, మధ్యలో ఒక మనిషి తిరగాలి. తిట్లను గుమ్మం దగ్గరే వదిలేసి, అసలు సంగతి మాత్రం మోసుకుపోవాలి." తిరగడమే పనిగా ఉన్న ఉద్యోగం ఒకటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ ఉత్సాహంతో అక్కడ నిలబడలేక, టీ వచ్చిందో లేదో చూసే సాకుతో బయటికి పరుగెత్తాను. (ఆవిడ తర్వాతి వాక్యం, "లేని మాట ఒక్కటి కలిపినా మొత్తం కూలిపోతుంది" అని. అది నేను చాలా ఆలస్యంగా రికార్డింగులో విన్నాను.)

నాకు అందే దూరంలో ఒక యుద్ధం అప్పటికే నడుస్తోంది. పళ్ళిపట్టులో మా పెదనాన్నా, మా మేనమామా పక్కపక్క ఇళ్ళవాళ్ళు, ఇద్దరూ నేతపనివాళ్ళు. రెండేళ్ళ కిందట మామ తన ఇంటికి కొత్తగా రేకుల కప్పు వేయించాడు. ఆ ఏటి వానలకు రేకుల మీది నీళ్ళన్నీ జారి పెదనాన్న మగ్గం గుంతలోకి దిగాయి. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే ఆ గుంత నిండిపోయి, సగం నేసిన పట్టుచీర తడిసి రంగు దిగింది. పెదనాన్న వెళ్ళి అడిగితే మామ, "వానని నేనేమన్నా పంపినానా?" అన్నాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. కిందటేడు వాన సరిగ్గా పడలేదు. ఈ ఏటి వానలకు ఇంక నెల రోజులుంది. పెదనాన్న మగ్గం మీద కొత్త చీర ఎక్కి ఉంది. మామ రేకులు అలాగే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే పళ్ళిపట్టు బస్సు దిగి, ముందు పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన మగ్గం మీంచి తల ఎత్తలేదు. "వాడు మనిషైతే కదా మాట్లాడేదానికి. ఆ రేకులు వాని నెత్తిన పడినా నేను పోయి చూడను," అన్నాడు. తిట్లను గుమ్మం దగ్గర వదిలేశాను. వదిలేశాక చూసుకుంటే చేతిలో ఏమీ మిగల్లేదు. ఉత్త చేతులతో ఎలా వెళ్ళడం? మామ ఇంటికి ఉన్న నాలుగడుగుల్లో ఒక మాట తయారైంది.

"మామా, గాలివానకి నీ రేకులు యాడ నీ మీద పడతాయోనని పెదనాన్నకి దిగులంట."

మామ చేతిలోని నూలు పక్కన పెట్టాడు. "ఆయప్పకా? నా గురించా?" అన్నాడు. అంతలోనే మళ్ళీ ముఖం ముడుచుకున్నాడు. "దిగులుండేటోడు రెండేండ్లు మూతి తిప్పుకొని పోతాడా? గర్వం. నేను పోయి కాళ్ళ మీద పడాలంతే కదా ఆయప్పకి? పొమ్మను."

ఇది పెదనాన్న దగ్గరికి చేరేసరికి, "నువ్వు పెద్దోడివంట, నీ కాళ్ళకి దండం పెట్టినా తప్పు లేదంటా ఉండాడు మామ," అయింది.

ఆ రోజు ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. రెండిళ్ళలోనూ మజ్జిగ ఇచ్చారు, రెండిళ్ళలోనూ తాగాను. ఒక్కో చుట్టుకూ మాటలు మెత్తబడుతూ వచ్చాయి, అన్నీ నావే. సాయంత్రానికి ఇద్దరూ తప్పు ఒప్పేసుకున్నారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. "వాడే అంత దిగొచ్చినాక నాదేముంది, రానీ," అన్నాడు పెదనాన్న. "పెద్దాయన అంత మాట అనినాక నేనేమన్నా రాయినా? రమ్మను," అన్నాడు మామ. ఎవరు ముందు రావాలన్న దగ్గర ఆగిపోయింది. దేశాల మధ్య మాటలు మూడో దేశంలో జరుగుతాయని మా సభల్లో విన్నాను కదా. మూడో దేశంగా తిరుత్తణిని ఎంచుకున్నాను.

సోమవారం ఈ సంగతి చెబితే సెక్రటరీ సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వచ్చే నెల సభ కూడా తిరుత్తణిలోనే పెట్టి, ఇద్దరినీ వేదికెక్కిద్దాం. రాయబారి అమ్మని మళ్ళీ పిలిపించి, ఆమె ఎదురుగా కలుపుదాం," అన్నారు. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. సభ జరిగేలోపల ఆ ఇద్దరూ నడిమి గోడ మీంచి ఒక్క మాట మాట్లాడుకున్నా నా పని అయిపోయినట్టే. రోజూ మామ భార్య, మా అత్తకు ఫోన్ చేసి, "వాళ్ళేమీ మాట్లాడుకోలేదు కదా?" అని అడిగేదాన్ని. లేదంటే నిశ్చింతగా ఊపిరి పీల్చుకునేదాన్ని. శాంతి కోసం పనిచేసే మనిషి అడగాల్సిన ప్రశ్న అది కాదని నాకు తట్టనే లేదు.

సభ రోజు ఇద్దరూ రెండు బస్సుల్లో వచ్చి, హాలుకు ఆ చివరా ఈ చివరా కూర్చున్నారు. సెక్రటరీ సారు ఘనంగా పరిచయం చేసి వేదిక మీదికి పిలిచారు. మైకును ముందుగా మామ అందుకున్నాడు. "మా బావది పెద్దమనసు. గుంత పల్లంలో తవ్వింది తన తప్పేనని ఒప్పుకొని, నన్ను మన్నించమని చెప్పి పంపినాడు. నేను మన్నించేసినాను."

పెదనాన్న మైకు లాక్కున్నాడు. (నాకంటే మర్యాద తక్కువగా.) "ఎవురు ఒప్పుకునింది? నా కాళ్ళకి దండం పెడతానని చెప్పి పంపింది నువ్వు కదరా?"

"నేనా? యాడ చెప్పినాను? ఎవురితో చెప్పినాను?"

ఇద్దరూ ఆగి, మెల్లగా నా వైపు తిరిగారు. హాలంతా నా వైపే తిరిగింది. పారిపోదామంటే తలుపు దాకా కుర్చీలే, అన్నీ నేను వేయించినవే.

"పాపా, ఇట్ల రా," అన్నాడు పెదనాన్న. "మేము అనింది ఏమి, నువ్వు చెప్పింది ఏమి? ఒకటీ వదలకుండా చెప్పు."

చెప్పాను. చుట్టు చుట్టుగా, మైకులో. కాళ్ళకు దండం దగ్గరికి వచ్చేసరికి వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మామ మాత్రం నవ్వలేదు.

"అయితే బావా, రేకులు నా నెత్తిన పడాలని అనినావా?"

"అనినాను. నాకు గర్వమని అనినావా?"

"అనినాను."

పెదనాన్న మైకు మామ వైపు జరిపాడు. "అది నిజమేలే," అన్నాడు.

మామ తల దించుకున్నాడు. "చీర పాడైనప్పుడు నేను వచ్చి చూసిండాల బావా. రాలేదు." తర్వాత నా వైపు చేయి చూపించాడు. "దీని మాట నమ్మి చొక్కా ఇస్త్రీ చేయించుకొని వచ్చినాను చూడు."

"నేను మాత్రం? మగ్గం ఆపుకొని వచ్చినా. పోదాం పద."

ఇద్దరూ వేదిక దిగి వెళ్ళిపోయారు. నేను ఏడుస్తూ బస్టాండు దాకా పరుగెత్తాను. పళ్ళిపట్టు బస్సులో ఒకే సీట్లో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పెదనాన్న కిటికీలోంచి, "నువ్వు ఎక్కొద్దు," అన్నాడు. మామ తల ఊపాడు. రెండేళ్ళలో ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం అదే.

తిరిగి వచ్చేసరికి సభ ముగిసింది. సెక్రటరీ సారు నన్ను చూడకుండా కుర్చీలు లెక్కపెడుతున్నారు. రాయబారి అమ్మ నా చేయి పట్టుకుని, "మధ్యమనిషిని తిట్టడంలో మాత్రం రెండు పక్షాలూ తొందరగా ఒకటవుతాయి, నన్నూ అలాగే తిట్టారు," అన్నారు. "కావాలనే చేశానని చెప్పుకో, ఎవరికీ తెలియదు." నాకు చెప్పుకోవాలనిపించలేదు. వారం తర్వాత అత్త ఫోన్ చేసింది. బావాబామ్మర్దులు నిచ్చెన వేసుకుని, ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా కోసి రేకుల అంచుకు కట్టారట. వాలు ఎటు ఉండాలని రోజంతా వాదించుకున్నారట. ఆ ఏడు వాన గట్టిగానే పడింది. గుంతలోకి చుక్క రాలేదు. నన్ను మాత్రం పొంగల్ పండగ దాకా ఇద్దరూ పలకరించలేదు.

ఇప్పుడు ఆ సభలను నేనే నడుపుతున్నాను. ఏ ఒప్పందం ఎందుకు నిలబడలేదో, ఏ చర్చ ఎక్కడ ఆగిందో అడిగినవాళ్ళకు వివరంగా చెప్పగలను. జాగ్రత్తగా మాట్లాడతాను, లేనిది కలపను, నా వల్ల ఏదో అయిపోతుందని ఎవరికీ ఆశ పెట్టను. అంత జాగ్రత్త నేర్చుకున్నందుకు అందరూ మెచ్చుకుంటారు. నాకే ఒక్కోసారి, యుద్ధం వార్తలు చదివి పేపరు మడతపెట్టేటప్పుడు, ఒక్క ఆదివారంలో అంతా సర్దేయగలనని నమ్మిన ఆ అబద్ధాలకోరు పిల్ల గుర్తొస్తుంది. దాన్ని ఉద్యోగంలోంచి తీసేసింది సెక్రటరీ సారు కాదు, నేనే. ఇప్పుడు ఎదురుపడితే కోప్పడను. ఎటు బయల్దేరావే అని అడిగి, కాస్త దూరం దాని వెనకే నడుస్తాను.