పోశన్న, గలాలీలో ఎర్రగొంతు పిట్టలు

నిన్న పొద్దున ఇక్కడ గల్ఫ్‌లో, సీఫ్ ప్రాంతపు మాల్‌లో క్లీనింగ్ డ్యూటీలో ఉన్నాను. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

మా రూమ్‌లో ఉండే పోశన్న పోయాడు.

మాప్ కర్ర గోడకు ఆనించి ఆసుపత్రికి బయలుదేరాను. మొన్న సాయంత్రం కూడా నాతో మాట్లాడిన మనిషి!

పోశన్నది మా జగిత్యాల వైపే. చాలా ఏళ్లుగా గలాలీలో ఒక విల్లాలో తోటపని. ఆయనకు వీసా ఇచ్చిన కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, తోటలో జాలీ గదిలో పెంచే ఆఫ్రికా పిట్టల్ని చూసుకునేది కూడా ఆయనే.

కట్-త్రోట్ ఫించ్ అంటారు. పిచ్చుక కన్నా కాస్త చిన్నవి. మగదాని గొంతు మీద అడ్డంగా ఎర్ర పట్టీ, కత్తితో కోసినట్టు. పోశన్న మాత్రం ఎర్రగొంతు పిట్టలు అనేవాడు.

చాలా కాలం అవి గుడ్లే పెట్టలేదు. చెక్క డబ్బాలు పెడితే లోపలికి తొంగి కూడా చూడలేదు. పోశన్న ఫోన్‌లో వాటి అడవి వీడియోలు వెతికి వెతికి చూశాడు. ఒకరోజు మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"అరే శీనూ, ఇవి సొంతంగ గూడు కట్టుడు తక్కువరా! అక్కడి గిజిగాళ్లు ఇడిసిపెట్టిన గూళ్లల్ల సంసారం జేస్తయ్."

మర్నాటి నుంచి ఖర్జూరపు ఆకులు సన్నగా చీల్చి గిజిగాడి గూడు అల్లడం మొదలుపెట్టాడు. "కఫీల్ నీకు గిజిగాడి వీసా ఇచ్చిండా అన్నా?" అని ఏడిపించాను. నాలుగు గూళ్లు పాడయ్యాయి. ఐదోది వేలాడదీస్తే జంట అందులో దూరింది.

పోయిన వారం నాలుగు పిల్లలయ్యాయి.

పెద్ద పిట్టలు గింజలతో బతుకుతాయి. పిల్లలకు మాత్రం పురుగులు కావాలి. అందుకే ఆఫ్రికాలో వానలు పడి ఉసిళ్లు లేచే కాలం చూసి పిల్లల్ని చేస్తాయట. పురుగు దొరక్కపోతే తల్లీతండ్రే పిల్లల్ని గూట్లోంచి కింద పడేస్తాయట. ఇదంతా పోశన్న చెప్పిందే. నాకు తెలియదని అనలేను.

మూడు రోజుల కింద పోశన్నకు ఛాతీ నొప్పి వస్తే సల్మానియా ఆసుపత్రిలో చేర్చాం. కఫీల్ కుటుంబం దేశంలో లేదు. స్ట్రెచర్ మీది నుంచే విల్లా తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"డబ్బల పురుగులున్నయ్. పొద్దుగాల, మాపు ఎయ్యి. మర్వకు తమ్మీ."

రెండు రోజులు ఓవర్‌టైం పడింది. పోలేదు. రెండు రోజులకు ఏమవుతుందిలే అనుకున్నాను.

మొన్న ఫోన్‌లో ఆయన మొదటి మాట అదే. "ఏసినవా?"

"ఏసిన అన్నా. మంచిగున్నయ్."

"గంతే సాలు" అన్నాడు. ఎంత సంతోషపడ్డాడో.

నిన్న ఆసుపత్రి నుంచి నేరుగా గలాలీ వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

నాలుగు పిల్లలూ గూడు కింద ఇసుకలో పడి ఉన్నాయి. ఇంకా కళ్లు కూడా తెరవలేదు. పెద్ద పిట్టలు రెండూ మామూలుగా గింజలు తింటున్నాయి. అక్కడే చిన్న గుంట తీసి పూడ్చాను.

మా రూమ్ వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో అందరూ "సొంత తమ్ముడిలా చూసుకున్నావు" అని పెడుతున్నారు. దయచేసి అనకండి. ఆయన నన్ను అడిగింది ఒక్క పని.

అన్నా, నా మాట నమ్మి పోయావు. అక్కడ నీకు ఎవరూ నిజం చెప్పకుండా ఉంటే చాలు. ప్రశాంతంగా ఉండు.